షుగర్ ఉన్నోడి జేబులో చక్కెర ఉండాలి

సెలవు రోజు బట్టలు ఉతుక్కోవడం, వంట, ఇంటికి ఫోన్లు అన్నీ పక్కన పెట్టి ఇక్కడిదాకా వచ్చారు, ముందుగా దానికి థ్యాంక్స్. ఫోరం పెద్దలు మమ్మల్ని సైకిళ్ల గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. పది నిమిషాల్లో తెగే ముచ్చట కాదిది, కొంచెం ఓపిక పట్టాలె.

మేం డాక్టర్లం కాదు. డిప్లొమా చదివి సైటులో సూపర్‌వైజర్ పని చేసేవాళ్లం, స్టీల్ ఫిక్సర్లం, ఎలక్ట్రీషియన్లం, డ్రైవర్లం. మొత్తం 11 మందిమి. చలికాలం నాలుగైదు నెలలు, సెలవు రోజు తెల్లారకముందే లేచి దుబాయిలో సైకిళ్లు తొక్కుతాం. మాలో నలుగురికి షుగర్ ఉంది. ముగ్గురిది టైప్ 2, ఒక తమ్ముడిది చిన్నప్పటి నుంచి టైప్ 1, రోజూ ఇన్సులిన్ సూది. మాకు తెలిసిందల్లా క్లినిక్‌లో డాక్టర్ చెప్పింది, మీటరు చూపించింది, రెండు సీజన్లుగా ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నది. మందు డోసు మార్చే మాట వచ్చిన ప్రతిసారీ మీ డాక్టర్‌ని అడగండి అనే అంటాం.

షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి మన చెవిలో పడే మాట ఒకటే, తీపి ముట్టకు. ఇంట్లో వాళ్లు ఫోన్లో అదే అంటారు, రూములో వాళ్లూ అదే అంటారు. చాయ్‌లో చక్కెర మానేస్తాం, పండక్కి లడ్డూ పక్కన పెడతాం. మంచిదే. కానీ ఆ భయంతోనే సైకిలెక్కితే ప్రమాదం. గంటలకు గంటలు తొక్కే రోజు పెరిగే షుగర్ కంటే పడిపోయే షుగర్ ముందు దెబ్బ కొడుతుంది. పెరిగింది మెల్లగా ఏళ్ల తరబడి పాడు చేస్తుంది. పడిపోయింది పావుగంటలో మనిషిని రోడ్డు మీద పడేస్తుంది.

ఎందుకు పడిపోతుందో మాకు డాక్టర్ చెప్పిన తీరులోనే చెప్తాం. కండరాలు పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలో చక్కెరను లాక్కుంటాయి. తగ్గినదాన్ని లివర్ తన గోదాములోంచి పంపుతుంది. ఆ గోదాము చిన్నది, సుమారు 100 గ్రాములు. షుగర్ లేని మనిషికి సైకిలెక్కగానే ఒంట్లో ఇన్సులిన్ దానంతటదే తగ్గిపోతుంది, లెక్క సరిపోతుంది. మనకు అట్ల కాదు. పొద్దున పొడిచిన సూదిని వెనక్కి తీయలేం. వేసుకున్న గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి గోళీ కడుపులో ఎంత ఉంది, కండ ఎంత లాగుతోంది అని చూడదు, ఇన్సులిన్ తయారు చేయిస్తూనే ఉంటుంది. పంపు ఆన్ చేసి రూముకు తాళం వేసి పోయినట్టు. ట్యాంకు ఖాళీ అయినా అది తోడుతూనే ఉంటుంది.

అందుకే మొదట మీ గోళీ పేరు తెలుసుకోండి. ‘తెల్ల గోళీ, గులాబీ గోళీ’ అంటే కాదు. ఊరి నుంచి వచ్చే అన్న బ్యాగులో తెప్పించుకున్న పట్టీ మీద పేరు చదవండి. ఒట్టి మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ మరీ కిందికి పోవడం అరుదు. పేరులో గ్లిమె, గ్లిక్ల, గ్లిబెన్ అని ఉన్నా, ఇన్సులిన్ వాడుతున్నా, ఇప్పుడు చెప్పేదంతా మీ కోసమే. ఒకే పట్టీలో రెండు మందులు కలిపి ఉండేవి చాలా ఉన్నాయి, మెట్‌ఫార్మిన్ అనుకుని గ్లిమెపిరైడ్ కూడా మింగేవాళ్లున్నారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనేవి ఇంకో రకం. అవి చక్కెరను మూత్రంలో పంపిస్తాయి, నీళ్లు కూడా దాంతోనే పోతాయి. ఇక్కడి ఎండకు ఆ మందు వేసుకుని ఎక్కువసేపు తొక్కాలంటే ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

పోయిన సీజన్లో జరిగింది చెప్తాం. అల్ ఖుద్రా ట్రాక్ మీలో కొందరు చూసే ఉంటారు. ఎడారి నడుమ సైకిళ్ల కోసమే వేసిన తారు బాట, పెద్ద రౌండే 50 కిలోమీటర్లు. కార్లు రావు, అది సుఖం. నీడ కూడా లేదు, మధ్యలో ఎక్కడ ఆగినా ఇసుకే. మా గుంపులో నిజామాబాద్ వైపు అన్న ఒకాయన, వయసు 46, మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది. ముప్పై కిలోమీటర్లు దాటేదాకా అందరికంటే ముందున్నాడు. తర్వాత మెల్లగా వెనకపడ్డాడు. నీళ్లు తాగన్నా అంటే కసిరాడు. ‘మీరే తొవ్వ తప్పించిన్రు, ఇది మనం వచ్చిన బాట కాదు’ అని గొడవ పెట్టుకున్నాడు. ఆ ట్రాక్‌లో తప్పడానికి ఇంకో తొవ్వే లేదు. ఆయన మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కూడా కాదు.

పక్కన తొక్కుతున్న టైప్ 1 తమ్ముడు వెంటనే పట్టేశాడు. ‘అన్నకు కోపం కాదు, లో అయింది’ అన్నాడు. సైకిల్ ఆపించి, కిందికి దించి, వేలు కడిగి చూస్తే 54. జేబులో ఏముందన్నా అంటే ఏం లేదు. చక్కెర పెట్టుకుంటే తినబుద్ధి అయితదని ఏమీ పెట్టుకోలేదట! తమ్ముడి దగ్గరున్న పెప్సీ టిన్ను సగం తాగించాం. పదిహేను నిమిషాలు ఇసుకలో కూర్చున్నాం. మళ్లీ చూస్తే 78. అప్పుడు ఒక అరటిపండు, కొంచెం ఖుబ్బూస్ తినిపించాం. మనిషి మామూలయ్యాడు, ‘ఇగ తొక్కుతా’ అన్నాడు. తొక్కనియ్యలేదు. పికప్ పిలిపించి సైకిల్‌తో సహా ఎక్కించాం. ఆ రోజు ఆయనకు కోపం వచ్చింది, మర్నాడు డ్యూటీలో చాయ్ పోయించాడు.

లో అయిన మనిషికి తనకు లో అయిందని తెలియకపోవచ్చు. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి వస్తాయంటారు. సైకిల్ మీద చెమట ఎప్పుడూ ఉంటుంది, గుండె ఎప్పుడూ కొట్టుకుంటుంది, ఇంక దేన్ని పట్టుకుంటారు? బీపీకి వాడే కొన్ని గోళీలైతే ఆ దడను, వణుకును కనపడనీయవు కూడా. కాబట్టి మేం చూసేది మనిషి మాట. ఊరికే చిరాకు, అడిగినదానికి పొంతన లేని జవాబు, మాట్లాడేవాడు సడన్‌గా మౌనం, హ్యాండిల్ వంకర పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆపి మీటరు తీస్తాం. మీటరు లేకపోతే లో అయిందనే అనుకుని చక్కెర ఇస్తాం. తప్పు అంచనా అయితే కాసేపు షుగర్ కొంచెం పెరుగుతుంది, అంతే.

70 కంటే తక్కువ వస్తే 15 గ్రాముల చక్కెర, 15 నిమిషాలు ఆగడం, మళ్లీ చూడటం. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ 15. ఈ లెక్క డాక్టర్లందరూ చెప్పేదే. 15 గ్రాములంటే మన లెక్కలో చక్కెర అయినా గ్లూకోజ్ పొడి అయినా నాలుగు చెంచాలు, లేదంటే మామూలు కోలా అర టిన్నుకు కొంచెం తక్కువ. డైట్, జీరో అని రాసి ఉన్న టిన్ను ఇలాంటప్పుడు నీళ్లతో సమానం, దాన్లో చక్కెర ఉండదు. బఖాలాలో తొందరలో కొంటే అదే చేతికొస్తుంది, చూసి కొనండి. చాక్లెట్ కూడా పనికిరాదు, దాన్లో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కుతుంది. ఇంకొకటి, సైటులో ఎండదెబ్బకు ఇచ్చే ఓఆర్ఎస్. అది కలుపుకుని ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేసిన ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. గ్లాసుకు 3 గ్రాములు కూడా రాదు. అది ఉప్పూ నీళ్ల కోసం, పడిపోయిన షుగర్ కోసం కాదు.

మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, పొర పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 998కి ఫోన్ చేయండి. డయాబెటిస్ అన్న మాట మొదటే చెప్పండి.

ఇప్పుడు మేం ఎలా తొక్కుతామో చెప్తాం. సైటులో లెవెల్ చూడకుండా కాంక్రీటు పోయం కదా. ఇదీ అంతే. బయలుదేరే ముందు రెండుసార్లు చూస్తాం, మధ్యలో అరగంట తేడాతో. ఒక్కసారి చూస్తే అంకె తెలుస్తుంది గానీ అది ఎటు పోతోందో తెలియదు. 130 వచ్చిందనుకోండి. అరగంట కింద 110 ఉంటే ఫర్వాలేదు, అరగంట కింద 180 ఉంటే అది దిగుతున్న లిఫ్టు. 126 నుంచి 180 మధ్య నిలకడగా ఉంటే హాయిగా బయలుదేరతాం. 90కి తక్కువైతే తినకుండా, ఎక్కేదాకా ఆగకుండా ఎవరినీ కదలనివ్వం. ఆ నడుమ ఉంటే కొంచెం తిని బయలుదేరడమే. 250 దాటితే టైప్ 1 తమ్ముడు కీటోన్లు చూసుకుంటాడు. అవి ఉన్నా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజు సైకిల్ లేదు. టైప్ 2 వాళ్లం కూడా అంత ఎక్కువున్న రోజు నీళ్లు తాగి, కూర్చుని, మళ్లీ చూస్తాం. అంతకు ముందు 24 గంటల్లో బాగా లో అయి ఇంకొకరు సాయం చేయాల్సి వచ్చి ఉంటే, అంకె ఎంత బాగున్నా రైడ్ కాన్సిల్. ఒకసారి గట్టిగా పడిన తర్వాత రెండోసారి పడేటప్పుడు ఒళ్లు సరిగ్గా హెచ్చరించదు.

ఖాళీ కడుపుతో, ఒక కరక్ చాయ్ తాగి వచ్చేవాళ్లను మేం వెనక్కి పంపిస్తాం. మూడున్నరకు లేచి ఉప్మానో, ఖుబ్బూస్‌తో గుడ్డో తినండి. అక్కడి నుంచి గంటకు 30 గ్రాములకు తగ్గకుండా లోపలికి పోవాలి. మామూలు అరటిపండు ఒకటి సుమారు 25 గ్రాములు, దానికి రెండు ఖర్జూరాలు కలిపితే సరిపోతుంది. ఆకలేసినాక తినడం కాదు, వాచీ చూసి తినడం. మీటరు అరగంటకు, మహా అయితే ముప్పావుగంటకు ఒకసారి. ‘స్ట్రిప్పుల ఖర్చు ఎవడిస్తడు’ అని అడుగుతారు, నిజమే, ఖరీదే. అందుకే మేం రోజూ ఊరికే పొడుచుకోం, రైడ్ రోజు కోసం దాచుకుంటాం. వేలు మాత్రం కడిగే చూడాలి. అరటిపండు తిన్న చేత్తో, ఖర్జూరం జిగురుతో చూస్తే లేని షుగర్ కనిపిస్తుంది. 60 ఉన్నవాడికి 160 చూపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. చేతికి అంటించుకునే సెన్సార్ ఉన్నవాళ్లకూ ఒక మాట, షుగర్ వేగంగా పడేటప్పుడు అది కొన్ని నిమిషాలు వెనకబడి చూపిస్తుంది.

ఆఖర్లో గట్టిగా తొక్కితే కొన్నిసార్లు షుగర్ పెరుగుతుంది కూడా. అది ఒళ్లు ఊపు మీదున్నప్పుడు లివర్ వదిలే చక్కెర. భయపడి వెంటనే ఎక్కువ ఇన్సులిన్ పొడుచుకోకండి. ఆగితే దిగుతుంది, అప్పుడు ఆ సూది కూడా తోడైతే ఇంకా కిందికి లాగుతుంది. తొక్కే రోజు తొడకు సూది వద్దని కూడా మా తమ్ముడికి చెప్పారు. పని చేసే కండ దగ్గర మందు తొందరగా ఎక్కుతుంది, పొట్టకైతే నిలకడ.

ఈ దేశంలో ఎండ సంగతి వేరుగా చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయట పని ఆపమని ప్రభుత్వమే చెప్పిన చోటు ఇది. మనిషికే పనికిరాని ఎండ ఇన్సులిన్‌కు అస్సలు పనికిరాదు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. క్యాంపు బస్సు డాష్‌బోర్డు మీద, సైకిల్ వెనక బ్యాగులో ఎండకు పెడితే మందు చచ్చిపోతుంది, చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. అట్లని ఐసు ముక్కకు ఆనించి పెట్టినా గడ్డకట్టి పాడవుతుంది. తడిగుడ్డలో చుట్టిన చిన్న సంచిలో, నీడన పెట్టుకుంటాం. స్ట్రిప్పుల డబ్బా కూడా ఎండకు చెడుతుంది, మూత గట్టిగా పెట్టండి.

ఇక రాత్రి. చాలామందికి తెలియనిది ఇదే, ఇక్కడే ఎక్కువ భయం. పొడి ఇటుకలతో గోడ కడితే ఏమవుతుంది? మాలులోని నీళ్లన్నీ ఇటుక పీల్చేస్తుంది. అందుకే ముందే తడుపుతాం. పొద్దంతా తొక్కిన కండ అట్లాంటి పొడి ఇటుకే. ఖాళీ అయిన గోదాము నింపుకోవడానికి రాత్రంతా రక్తంలోని చక్కెరను పీలుస్తూనే ఉంటుంది. ఒక రోజంతా, ఒక్కోసారి రెండో రోజు దాకా కూడా. సాయంత్రం 140 చూసుకుని నిశ్చింతగా పడుకున్నవాడు రెండింటికి 50లో ఉండొచ్చు.

మా తమ్ముడికి మొదటి సీజన్లో అదే జరిగింది. 80 కిలోమీటర్లు తొక్కిన రాత్రి, పై బంకు మీద. కింద బంకు అన్న, వీడు నిద్రలో ఏదో గొణుగుతున్నాడు, పీడకల అనుకున్నాడు. చొక్కా, దుప్పటి తడిసిపోయి ఉండటం చేత్తో తగిలి లైటు వేశాడు. ఏసీ ఫుల్లుగా ఉన్న రూములో అంత చెమట ఏమిటని అనుమానం వచ్చి లేపాడు. లేచాడు కాబట్టి సరిపోయింది. ఆ అన్నకు షుగర్ గురించి అప్పటికి రెండు ముక్కలు చెప్పి ఉన్నాం కాబట్టి ఇంకా సరిపోయింది.

అప్పటి నుంచి పెద్ద రైడ్ రోజు పడుకునే ముందు చూస్తాం. 120కి తక్కువుంటే కొంచెం తిని పడుకుంటాం. రాత్రి రెండు గంటలకు ఒక అలారం. ఇన్సులిన్ వాడే తమ్ముడికి రైడ్ రోజు రాత్రి డోసు ఎంత తగ్గించాలో డాక్టర్ కాగితం మీద రాసిచ్చాడు, అది ఫోన్ కవర్లో ఉంటుంది. ఆ రాత్రి మందు ముట్టొద్దు, మేం అంటున్నది సీసాలో మందు. తాగితే లివర్ ఆ పని మీద ఉండిపోతుంది, చక్కెర వదలదు. పైగా లో అయి తూలుతున్నవాడిని చూసి రూమ్మేట్లు తాగి పడుకున్నాడులే అని దుప్పటి కప్పుతారు. మర్నాడు పొద్దున స్కఫోల్డింగ్ ఎక్కే ముందు కూడా ఒకసారి వేలు పొడుచుకోండి. నిన్నటి రైడ్ లెక్క ఇంకా అయిపోలేదు.

చెప్పుకోవడం గురించి. షుగర్ ఉందని తెలిస్తే పని నుంచి తీసేస్తారేమోనని దాచేవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు. ఆ భయం మాకు తెలుసు, అందరూ వెళ్లి ఆఫీసులో చెప్పేయండి అని స్టేజీ మీద నుంచి చెప్పడం తేలిక, మేం చెప్పం. కానీ మీ కింద బంకు వాడికి చెప్పండి. మీతో సైకిల్ తొక్కేవాడికి చెప్పండి. చక్కెర ఏ జేబులో ఉందో చూపించండి. ఇద్దరు మనుషులకు తెలిస్తే చాలు, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

ఇంత భయం చెప్పి ఎందుకు తొక్కాలి అంటారా? మాలో ముగ్గురికి మూడు నెలల సగటు షుగర్ దిగింది. నిజామాబాద్ అన్నకు డాక్టరే గ్లిమెపిరైడ్ సగం చేశాడు. అంతకంటే, సెలవు రోజు మంచం మీద ఫోన్ చూసుకుంటూ గడిపే మనిషి ఎడారిలో సూర్యోదయం చూస్తున్నాడు. అమెరికాలో టీమ్ నోవో నార్డిస్క్ అని ఒక సైకిల్ జట్టు ఉంది, రైడర్లందరూ టైప్ 1 వాళ్లే. పేరు ఇన్సులిన్ అమ్మే కంపెనీది, అది వాళ్ల ప్రచారం, సరే. కానీ ఇటలీలో మిలాన్ నుంచి సాన్ రెమో దాకా దాదాపు 300 కిలోమీటర్లు ఒక్క రోజులో తొక్కే పందెంలో ఆ కుర్రాళ్లు దిగారు. మా తమ్ముడు ఆ వీడియో మాకందరికీ పదిసార్లు చూపించి ఉంటాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అల్ ఖుద్రాకు రావద్దు. నాద్ అల్ షెబాలో 4, 6, 8 కిలోమీటర్ల రౌండ్లున్నాయి, ఏ రౌండైనా మళ్లీ బయలుదేరిన చోటికే వస్తుంది, దూరంగా చిక్కుకుపోయే భయం లేదు. పదేళ్లకు పైగా షుగర్ ఉన్నా, నలభై దాటినా ముందు కళ్లు, గుండె చూపించుకోండి. ఇన్సూరెన్స్ కార్డు మీద ఏ పరీక్షలు వస్తాయో క్లినిక్ కౌంటర్లోనే అడగండి. అరికాళ్లు తిమ్మిరి ఉన్నవాళ్లు దిగాక సాక్సు విప్పి కాళ్లు చూసుకోవాలి, పుండు పడినా తెలియదు. రోజా ఉన్న అన్నలు పగలు తొక్కొద్దు.

వెనక టేబుల్ మీద రెండు మీటర్లు, 50 స్ట్రిప్పులు పెట్టాం. గోళీల పట్టీ తెచ్చుకున్నవాళ్లు పక్క కుర్చీలో మా తమ్ముడికి చూపించండి, పేరు చదివి చెప్తాడు. బిర్యానీ తినకముందే రండి, చేతులు కడుక్కుని రండి.